విరామోంతెస్ కథలు – మాంత్రికత అనే ముద్ర

విమర్శలో పేరు పెట్టటం చివరి పని కావాలి. మనలో చాలామందికి అదే మొదటి పని అయింది. కథ చేతికి రాగానే అది ఏ వాదానికి చెందుతుంది, ఏ గూటిలో పెట్టాలి అని చూస్తాం. గూడు దొరికితే చదవటం పూర్తయిందనుకుంటాం. ఈ జబ్బు ఇతరులకు వుందని చెప్పటానికి నేనీ వ్యాసం మొదలుపెట్టలేదు. అది నాకే వుంది. మూడేళ్ళ క్రితం మా కళాశాలలో ఎం.ఏ. తెలుగు విద్యార్థుల ముందు అది బయటపడింది.

ఆ రోజు అనువాద సాహిత్యం పాఠం. అమెరికాలోని మెక్సికన్ సంతతి రచయిత్రి హెలెనా మరియా విరామోంతెస్ రాసిన ‘శలభాలు’ కథను తెలుగులో చెప్పాను. ఒక పద్నాలుగేళ్ళ పిల్ల, చావుకు దగ్గరపడిన అమ్మమ్మకు సేవ చేస్తుంది. అమ్మమ్మ ప్రాణం పోయాక ఆమె దేహాన్ని ఎత్తుకుని నీళ్ళతొట్టిలోకి దిగుతుంది. అప్పుడు ఆ వృద్ధురాలి నోట్లోంచి బూడిదరంగు శలభాలు బయటికి వచ్చి దీపం చుట్టూ ఎగురుతాయి. కథ చెప్పటం పదినిమిషాల్లో ముగించాను. నల్లబల్ల మీద ‘మాంత్రిక వాస్తవికత’ అని రాసి, మిగిలిన గంటంతా లాటిన్ అమెరికా గురించీ, గార్సియా మార్కెజ్ గురించీ మాట్లాడాను.

గంట కొట్టబోతుండగా వెనక బల్ల మీద నుంచి ఒక అమ్మాయి లేచింది. “సార్, ఆ ముసలామెకు నీళ్ళు పోసింది ఆ పిల్ల ఒక్కతేనా? వాళ్ళ అక్కలు ఏం చేసిన్రు? మా నాయనమ్మకు ఆఖరి నెలంతా అన్నీ నేనే చేసిన. ఆ పని ఎట్లుంటదో మీరు చెప్పనే లేదు” అన్నది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోయేసరికి, ఈ రచయిత్రి కథల్ని విమర్శకులు చదివిన చరిత్ర అంతా తిరగేయవలసి వచ్చింది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే ఆ చరిత్రకూ కొలబద్ద అని ఇప్పుడు నా అభిప్రాయం.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి. 1848 ఫిబ్రవరి 2న గ్వాదలూపె హిదాల్గో సంధి కుదిరింది. దానితో మెక్సికో తన భూభాగంలో దాదాపు సగాన్ని అమెరికాకు వదులుకున్నది. ఆ నేల మీద అప్పటికే తరతరాలుగా బతుకుతున్నవాళ్ళు ఒక్క అడుగైనా కదలకుండానే పరదేశంలో పడ్డారు. మేం సరిహద్దును దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటిందని వాళ్ళలో ఒక నానుడి. తర్వాతి కాలంలో తోటల్లో, ప్యాక్టరీల్లో కూలికోసం దక్షిణం నుంచి వచ్చినవాళ్ళు వీళ్ళతో కలిశారు. 1965లో కాలిఫోర్నియాలోని దెలానోలో ద్రాక్షతోటల కార్మికుల సమ్మె మొదలయింది. 1960ల చివరికి ‘చికానో’ అన్న మాట తిట్టుగా కాక జెండాగా మారింది. ఆ సమాజపు స్త్రీ చికానా.

విరామోంతెస్ 1954లో తూర్పు లాస్ ఏంజిలిస్‌లో పుట్టింది. తండ్రి భవన నిర్మాణ కూలి. ఇంటినిండా పిల్లలు. సరిహద్దు దాటి వచ్చి తలదాచుకునే బంధువులూ ఆ ఇంట్లోనే. ఆమె చూస్తూ వుండగానే ఆ పేటను పెద్ద రహదారులు ముక్కలుగా కోశాయి. 2007లో వచ్చిన ఆమె నవలకు ఆ కూల్చివేతే నేపథ్యం. 1970 ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వేలాది చికానోలు ఆ పేటలోనే ఊరేగారు. రూబెన్ సాలసార్ అనే పత్రికా రచయిత ఆ రోజు ఒక చిన్న మద్యశాలలో కూర్చుని వుండగా, రక్షకభటుడు పేల్చిన బాష్పవాయు గుండు తగిలి చనిపోయాడు. విరామోంతెస్‌కు అప్పుడు పదహారేళ్ళు.

ఆమె రాయటం మొదలుపెట్టాక ఎదురైన మొదటి విమర్శ ఒక తరగతి గదిలోనే. రచనాశిక్షణ కోసం ఒక విశ్వవిద్యాలయంలో చేరితే, నువ్వు చికానోల గురించి రాస్తున్నావు, అదే నీ ఇబ్బంది, మనుషుల గురించి రాయాలి అని అక్కడి అధ్యాపకుడు సలహా ఇచ్చాడని తర్వాత ఆమే చెప్పింది. చదువు మధ్యలో వదిలి వెళ్ళిపోయి, చాలా ఏళ్ళకు తిరిగివచ్చి పూర్తిచేసింది. చికానోలు వేరు, మనుషులు వేరు అన్న ఆ విభజన ఒక్క అధ్యాపకుడి మూఢత్వం అనుకోకూడదు. ఆనాటి ప్రచురణ ప్రపంచానికి అదే సూత్రం. పెద్ద ప్రచురణ సంస్థల్లో వీళ్ళ కథలకు చోటు లేదు. ఆ చోటు కోసం వాళ్ళే చిన్న పత్రికలు, చిన్న సంస్థలు పెట్టుకున్నారు. బర్క్‌లీలో 1967లో మొదలయిన క్వింతో సోల్ ప్రచురణలు తొమాస్ రివేరాను, రుదోల్ఫో అనాయాను వెలుగులోకి తెచ్చాయి. 1979లో నికొలాస్ కనేయోస్ స్థాపించిన ఆర్తె పూబ్లికో సంస్థ 1984లో సాండ్రా సిస్నెరోస్ ‘మామిడి వీధిలోని ఇల్లు’ను, 1985లో విరామోంతెస్ ‘శలభాలు, ఇతర కథలు’ను అచ్చువేసింది. ఆ సంపుటిలో ఎనిమిది కథలున్నాయి.

ఆ సంపుటికి పీఠిక రాసింది ఈవాన్ యార్‌బ్రో-బెహరానో అనే చికానా విమర్శకురాలు. నా లెక్కలో ఈ కథలకు దక్కిన మొదటి గంభీరమైన విమర్శ అదే. పీఠిక దృష్టి ఇంటిమీద, చర్చిమీద, పురుషాధికారంమీద వున్నది. తమకు నిర్ణయించిన హద్దులు దాటబోయిన స్త్రీలు ఏ మూల్యం చెల్లిస్తున్నారో ఆమె చూపింది. జాతివివక్షా పేదరికమూ ఆ హద్దుల్ని ఎలా బిగిస్తాయో కూడా ఆమె మరచిపోలేదు. ఆమె తర్వాత సోనియా సాల్దివార్-హల్, బార్బరా హార్లో ఆ దృష్టిని ఇంటి గడప దాటించారు. 1991లో ఎక్తోర్ కాల్దెరోన్, హోసె దావీద్ సాల్దివార్ సంపాదకత్వంలో వచ్చిన సరిహద్దు సీమల విమర్శ సంకలనంలో ఈ ఇద్దరి వ్యాసాలూ వున్నాయి. ఇద్దరూ పట్టుకున్నది ‘కరీబూ కెఫే’ అనే కథను.

ఆ కథను క్లుప్తంగా చెబుతాను. దొంగచాటుగా దేశంలోకి వచ్చి బతుకుతున్న కూలీల పిల్లలిద్దరు, అక్కా తమ్ముడూ, ఇంటి తాళంచెవి పోగొట్టుకుని వీధిన పడతారు. మధ్య అమెరికా దేశం ఒకదాంట్లో సైనికులు ఎత్తుకుపోయిన అయిదేళ్ళ కొడుకు కోసం వెతుకుతూ పిచ్చిదయిన ఒక తల్లి, ఆ తమ్ముణ్ణి చూసి తన కొడుకే అనుకుంటుంది. ముగ్గురూ ఒక కెఫేకి చేరుకుంటారు. దాని పేరు పలకలో అక్షరాలు వెలిసిపోయి చివరి రెండు సున్నాలే మిగిలాయి. దాని యజమాని కొడుకును వియత్నాం యుద్ధం మింగింది. అతడు దుర్మార్గుడేమీ కాదు. అయినా వలస అధికారులు దాడికి వచ్చినప్పుడు కూలీలు దాక్కున్న చోటు చూపించిన చెయ్యి అతనిదే. చివరికి పోలీసులు వస్తారు. ఆ తల్లి పిల్లవాణ్ణి విడవదు. తుపాకి ఆమె నుదుటికి ఎదురుగా నిలుస్తుంది.

1980లలో మధ్య అమెరికా అంతర్యుద్ధాల్లో అమెరికా ప్రభుత్వం డబ్బూ ఆయుధాలూ కుమ్మరించింది. ఆ మంటల్లోంచి పారిపోయి వచ్చినవాళ్ళకు మాత్రం తలుపులు మూసింది. సాల్దివార్-హల్ ఈ కథను ఆ చరిత్రలో పెట్టి చదివింది. చికానా స్త్రీవాదం సొంత ఇంటి తగువు మాత్రమే కాదనీ, ప్రపంచ రాజకీయాలతో ముడిపడిన వాదమనీ ఈ కథ ఆధారంగా ఆమె నిరూపించింది. ఇక్కడ వాస్తవం, భ్రమ కలిసిపోయిన మాట నిజమే. కాని ఆ భ్రమకు కర్త ఎవరు? కొడుకు శవమైనా చూపించని రాజ్యం. శవం చూడని తల్లికి ప్రతి పిల్లవాడూ కొడుకే అవుతాడు. దీన్ని మాంత్రికం అంటే నేరస్థుణ్ణి తప్పించినట్లవుతుంది.

అయితే 1990లలో గాలి మారింది. లౌరా ఎస్కివెల్ నవల, వంటింటి అద్భుతాల కథ, 1992లో ఇంగ్లీషులోకి వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. పెద్ద సంస్థలు చికానా రచయిత్రుల వైపు చూడసాగాయి. సిస్నెరోస్ కథల సంపుటి 1991లో, ఆనా కాస్తియో నవల 1993లో, విరామోంతెస్ తొలి నవల 1995లో పెద్ద సంస్థల ద్వారానే వచ్చాయి. పదేళ్ళ కిందట తలుపు వేసినవాళ్ళే ఇప్పుడు తలుపు తీశారు. సంతోషించవలసిందే. కాని తలుపు మీద ఒక బోర్డు కూడా కట్టారు: ‘మాంత్రిక వాస్తవికత’. ‘శలభాలు’ కథ కళాశాల సంకలనాల్లో చేరింది. దానితోపాటు విద్యార్థుల కోసం రాసే పరిచయాల్లో ఈ ముద్రా స్థిరపడింది. నేను నల్లబల్ల మీద రాసింది ఆ పరిచయాల నుంచి ఎత్తుకున్న మాటే. 1989లో విరామోంతెస్ గార్సియా మార్కెజ్ నడిపిన కథారచన శిబిరంలో పాల్గొన్నది కనుక ముద్రకు సాక్ష్యం కూడా దొరికిందనిపిస్తుంది. కాని ‘శలభాలు’ సంపుటి వచ్చింది అంతకు నాలుగేళ్ళ ముందు. మార్కెజ్ ప్రభావం ఆమె మీద లేదని నేననను. ప్రభావం చెప్పినంతమాత్రాన కథను చెప్పినట్లు కాదని మాత్రమే నా మనవి.

ఈ ముద్రకు కూడా ఒక చరిత్ర వుంది. 1925లో ఫ్రాంజ్ రో అనే జర్మన్ విమర్శకుడు ఆనాటి కొత్త చిత్రలేఖనాన్ని వర్ణించటానికి ఈ మాట వాడాడు. 1949లో క్యూబా రచయిత అలేహో కార్పెంతియెర్ తన నవలకు రాసిన ముందుమాటలో ‘అద్భుత వాస్తవం’ అన్న భావన ప్రతిపాదించాడు. ఆ నవలలో వస్తువేమిటి? హైతీ బానిసల తిరుగుబాటు. మకందాల్ అనే నాయకుణ్ణి యజమానులు కట్టెకు కట్టి కాలుస్తారు. అతడు కాలిపోవటం యజమానులు చూశారు. కట్లు తెంచుకుని ఎగిరిపోవటం బానిసలు చూశారు. అంటే ఆ భావన పుట్టుకలోనే రెండు వర్గాల రెండు చూపులున్నాయి. ఎవరి కన్ను అన్న ప్రశ్న లేకుండా అక్కడ అద్భుతమే లేదు.

తర్వాత ఆంహెల్ ఫ్లోరెస్ 1955లో అచ్చయిన వ్యాసంలో ఈ పేరును లాటిన్ అమెరికా కథనానికి అంటగట్టి, దాన్ని ప్రధానంగా శిల్పవిశేషంగా వివరించాడు. కాఫ్కా, బోర్హెస్ పేర్లు అందులో ముందుకొచ్చాయి. 1967లో లూయిస్ లెయాల్ దాన్ని ఖండించాడు. ఇది ఊహాలోకం కాదు, పలాయనం కాదు, వాస్తవం ఎదుట రచయిత తీసుకునే ఒక వైఖరి అన్నాడు. ఈ లెయాలే చికానో సాహిత్య విమర్శకు పునాదులు వేసినవాళ్ళలో ఒకడన్నది గమనించదగిన సంగతి. కాని అంగడికి ఫ్లోరెస్ పనికివచ్చినట్లు లెయాల్ పనికిరాలేదు. శిల్పాన్ని అమ్మవచ్చు. వైఖరిని అమ్మటం కష్టం. 1996 నాటికి లాటిన్ అమెరికాలోనే యువ రచయితలు ఈ ముద్రమీద విసుగెత్తి, దాన్ని ఎగతాళి చేస్తూ ‘మకోందో’ పేరును వంకరతిప్పి సంకలనం వెయ్యవలసి వచ్చింది.

ముద్రను కాదన్న విమర్శకులలో కొందరు పురాణం వైపు వెళ్ళారు. మెక్సికన్ జనపదాల్లో ‘యొరోనా’ అనే స్త్రీ కథ వుంది. పిల్లల్ని నీళ్ళలో ముంచి చంపి, నదుల వెంట ఏడుస్తూ తిరిగే తల్లి ఆమె. ఆనా మరియా కార్బొనెల్ 1999లో రాసిన వ్యాసంలో విరామోంతెస్, సిస్నెరోస్ ఈ ఏడ్చే తల్లిని అరిచి ఎదిరించే తల్లిగా మార్చారని చూపింది. ఇది విలువైన పరిశీలన. గాథ ఎప్పుడూ ఒకటే కాదనీ, చెప్పేవాళ్ళ అవసరాన్ని బట్టి అది మారుతుందనీ ఇందులో తెలుస్తుంది. అయినా ఒక ప్రమాదం మిగులుతుంది. ప్రతి తల్లిలోనూ దేవతను చూడటం అలవాటయితే, కూలికి వెళ్ళిన తల్లి కనపడదు.

ఇప్పుడు మా విద్యార్థిని ప్రశ్నకు వస్తాను. ‘శలభాలు’ కథను చేతుల కథగా చదివి చూడండి. ఆ పిల్ల చేతులు పెద్దవి, మొరటువి. అక్కలు చేసే కుట్లు, అల్లికలు ఆమెకు రావు. వాళ్ళు ఆ చేతుల్ని ఎద్దుచేతులని వెక్కిరిస్తారు. ఆ చేతులు మరీ పెరిగిపోతుంటే, ఎండిన శలభాల రెక్కలపొడితో చేసిన లేపనం రాసి, మర్దనచేసి, అమ్మమ్మే వాటిని మామూలు చేస్తుంది. తండ్రి పిల్లను చర్చికి పొమ్మని కొడతాడు. పిల్ల చర్చి తప్పించుకుని అమ్మమ్మ ఇంటికి పోతుంది. అక్కడ కాఫీ డబ్బాల్లో మొక్కలు నాటుతుంది. రాతిరోట్లో కాల్చిన మిరపకాయలు నూరుతుంది. రోగంతో అమ్మమ్మ మంచాన పడ్డాక పక్కదుప్పట్లు మారుస్తుంది, ఒళ్ళు తుడుస్తుంది. ప్రాణం పోయిన తర్వాత తువాళ్ళు తెచ్చి ఒక పురోహితుడు చెయ్యవలసిన పనిని ఒక్కతే చేస్తుంది. బట్టలు విప్పినప్పుడు అమ్మమ్మ వీపు మీద సన్నని మచ్చలు కనపడతాయి. ఈ మనిషి గురించి నాకెంత తక్కువ తెలుసు అనుకుంటుంది. ఆ తర్వాతనే శలభాలు వస్తాయి.

అద్భుతం చేతుల దగ్గర మొదలయి చేతుల దగ్గరే ముగిసింది. కుట్టుపనికి పనికిరావని ఇంటివాళ్ళు తేల్చిన చేతులు చావుపనికి పనికివచ్చాయి. తండ్రి అధికారం గాని, చర్చి గాని ఆ వృద్ధురాలికి ఇవ్వని గౌరవాన్ని ఆ చేతులిచ్చాయి. చేసిన పనికి లోకంలో కూలీ లేదు, పేరు లేదు, లెక్కా లేదు. ఆ లెక్కను శలభాలు చెబుతున్నాయి. విరామోంతెస్ 1989లో తన రచన గురించి రాసిన ఒక వ్యాసానికి, ముళ్ళు తీసి వండే నాగజెముడు కూర పేరు పెట్టింది. తన కథారచన తల్లి వంటపనిలోంచి, ఆ వంటింట్లో ఆడవాళ్ళు చెప్పుకున్న కథల్లోంచి వచ్చిందన్నది. రచయిత్రే ఇంత స్పష్టంగా పని అని చెబుతుంటే మనం మంత్రం అని ఎందుకు వినాలి?

మన భాషలో ఈ పొరపాటు ఇంకొక మెట్టు ఎక్కింది. ‘మాంత్రిక’ అనగానే తెలుగువాడి కళ్ళ ముందు నిలిచేది 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లోని నేపాళ మాంత్రికుడు. లేదా మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’లోని మాయలు. మంత్రం వుంటే మాంత్రికుడు వుండాలి. ‘శలభాలు’లో మంత్రం వేసినవాడెవరు? ఎవరూ లేరు. నీళ్ళు పోసిన పిల్ల వుంది. అనువాదంలో ఒక్క మాట వల్ల ఆ పిల్లను తోసేసి ఆమె చోట ఒక గడ్డంవాణ్ణి కూర్చోబెట్టుకున్నాం.

ఇక్కడ మన తప్పును కూడా ఒప్పుకోవాలి. 1943లో తెనాలిలో ఊపిరిపోసుకున్న అభ్యుదయ సాహిత్యోద్యమం వాస్తవికతను కొలతగా పెట్టుకున్నది. అది అవసరమైన కొలతే. కాని దాన్ని మనలో కొందరు కిళ్ళీకొట్టు తక్కెడలా వాడారు. కథలో దెయ్యం వచ్చినా, చెట్టు మాట్లాడినా, ‘పలాయనవాదం’ అని పక్కన పడేశారు. ముద్ర వేసి మెచ్చుకునేవాడికీ, ముద్ర వేసి తిట్టేవాడికీ తేడా స్వల్పం. ఇద్దరూ పూర్తిగా చదవనివాళ్ళే. ‘శలభాలు’ నుంచి ఆ చివరి పుట తీసేసి, పిల్ల స్నానం చేయించి ఏడ్చింది అని ముగిస్తే కథ మరింత వాస్తవికం అవుతుందా? కాదు, అబద్ధం అవుతుంది. ఆ పిల్లకు ఆ రాత్రి జరిగినదానిలో సగమే రాసినట్లవుతుంది. శ్రమను చూసి శలభాల్ని చూడకపోవటం కూడా గుడ్డితనమే.

ఈ ముద్ర వల్ల మేలేమీ జరగలేదా అని మిత్రులు అడగవచ్చు. జరిగింది. ఆ బోర్డు చూసే చాలామంది ఆ కథల దగ్గరికి వచ్చారు. నేనూ అలాగే వచ్చాను. బోర్డు చూసి లోపలికి వచ్చినందుకు సిగ్గుపడనక్కర్లేదు. బోర్డునే ఇల్లనుకుని తిరిగిపోయినందుకు సిగ్గుపడాలి.

ఆ మరుసటి సంవత్సరం ఆ కథను మళ్ళీ పాఠం చెప్పాను. ఈసారి నల్లబల్ల మీద ఏ వాదం పేరూ రాయలేదు. ఆ పిల్ల చేతులు చేసిన పనులన్నీ వరసగా చెప్పండి అని విద్యార్థుల్ని అడిగాను. వాళ్ళు చెబుతూ పోయారు, నేను రాస్తూ పోయాను. బల్ల నిండింది. అట్టడుగున ఒక గీతంత చోటు మిగిలితే, శలభాలు అని రాశాను. నన్ను ప్రశ్నించిన అమ్మాయి అప్పటికి చదువు ముగించుకుని వెళ్ళిపోయింది. ఆ బల్ల ఆమెకు చూపించలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ వుంది.